తల్లిదండ్రుల సమావేశాన్ని శుక్రవారం పెట్టించండి

ఒడిశా పాఠశాల, జనవిద్యా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గరి పల్లె. తొమ్మిదేళ్లుగా కువైట్‌లో పైపు వెల్డరుగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఊళ్లోని ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి చదువుతోంది.

కువైట్ గడియారం మన ఊరికంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. నేను సైటు నుంచి క్యాంపుకు చేరి, స్నానం చేసి, ఫోను పట్టుకునేసరికి ఇక్కడ ఏడున్నర, అక్కడ పది. పిల్ల నిద్రలో ఉంటుంది. అందుకని మా ఆవిడ నోటు పుస్తకాల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడుతుంది, నాకు సెలవైన శుక్రవారం సాయంత్రం వాటిని ముందు పెట్టుకుని పిల్లతో కూర్చుంటాను. కానీ పాఠాలన్నీ ఒడియాలో ఉంటాయి. తెలుగు బడిలో చదివిన నేను ఒడియా మాట్లాడగలను గానీ చదవలేను. మా ఆవిడది సరిహద్దుకు అవతల పాతపట్నం, ఆమెకు ఆ మాటలూ అంతంతమాత్రమే. కిందటి నెల ఒక లెక్క గురించి అడగబోతే, "ఇది నీకు రాదులే నాన్నా" అంది పిల్ల. నన్ను తక్కువ చేసి అనలేదు, నాకెందుకు శ్రమ అని అంది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

ఒడియా వద్దని నేను అనడం లేదు. ఈ రాష్ట్రంలో బతకవలసిన పిల్లకు అది బాగా రావాలి. దానితో పాటు ప్రాథమిక తరగతుల్లో తెలుగు కూడా చెప్పించమంటున్నాను. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాట్లకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని, 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతోంది. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పాటుపడింది మా పర్లాకిమిడిలోనే.

ఉపాధ్యాయుల నియామకానికి సమయం పడుతుందని తెలుసు. ఈలోగా ఖర్చు లేని పని ఒకటుంది. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల చోటు తల్లిదండ్రులకు, సంరక్షకులకు ఇచ్చింది. తల్లిదండ్రుల సమావేశం జరిగే వేళకు మా వంటివాళ్లం మాత్రం పనిలో ఉంటాం. ఆ సమావేశాల్లో కొన్నింటినైనా శుక్రవారం పెట్టి, దూరాన ఉన్న తండ్రులతో వీడియో కాల్‌లో మాట్లాడమని ప్రధానోపాధ్యాయులకు ఉత్తర్వులివ్వండి. మా బడి పంతులమ్మ గారికి తెలుగు వచ్చు. పిల్ల ఎక్కడ వెనకబడిందో ఆవిడ నోట రెండు నిమిషాలు వింటే, తరవాతి శుక్రవారం దానితో ఏం మాట్లాడాలో నాకు తెలుస్తుంది.

ఇట్లు,
పర్లాకిమిడి ప్రాంతపు తండ్రి ఒకరు, కువైట్ నుంచి