గాసిప్‌లో 'గో' లేదు, 'సిప్' లేదు

సంపాదకులకు,

మీ విద్యార్థుల పేజీలో 'గాసిప్' పుట్టుక గురించి బాక్సు కట్టి వేసింది చదివాను. పూర్వం ఇంగ్లండ్ నాయకులు తమ మనుషుల్ని 'గో, సిప్' అంటూ సారాకొట్లకు పంపేవారట, ఓ గుక్క తాగి జనం ఏమనుకుంటున్నారో వినిరమ్మనేవారట. వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న కట్టుకథే ఇది.

ఆ మాట పాత రూపం 'గాడ్‌సిబ్'. సిబ్ అంటే బంధువు. సిబ్లింగ్‌లో ఉన్నదీ ఆ సిబ్బే. బాప్తిస్మంలో బిడ్డకు పూచీగా నిలబడేవారు, అంటే మన కథోలికులు జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి అనేవారన్నమాట, ఇంటివాళ్లకు దేవుడి పేరిట చుట్టాలయ్యేవారు. దేశంలో గాడ్‌సిబ్‌లను ఎందరినో పొట్టన పెట్టుకున్నారని 1014లో యార్క్ ఆర్చ్‌బిషప్ వుల్ఫ్‌స్టన్ ఒక ప్రసంగంలో వాపోయాడు. ఆ వాక్యంలో సారాకొట్టును ఇరికించి చదవండి చూద్దాం!

గబగబా పలికితే 'స' ముందు 'డ' నిలవదు. 14వ శతాబ్దంలో ఇంగ్లిషు కవి చాసర్ నాటికే 'గాసిబ్' అయింది, తర్వాత 'బ' కాస్తా 'ప' అయింది. అర్థమూ జారింది. చుట్టం నేస్తమైంది, ఆపైన పురిటిగదిలో తోడుండే ఆడవాళ్లకు ఆ పేరు పడింది. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ ఇంగ్లిషు నిఘంటువు మూడర్థాలిచ్చింది: బాప్తిస్మపు పూచీదారు, తాగుడు నేస్తం, పురిటింటి ఆడవాళ్లలా ముచ్చట్లు మోసుకు తిరిగే మనిషి. మూడోదాంట్లో మగ వెటకారం తెలుస్తూనే ఉంది. గో-సిప్ కథ అల్లినవాళ్లకు రెండోది దొరికిందేమో! మనిషిని కాక మాటల్నే గాసిప్ అనడం 19వ శతాబ్దంలో గానీ స్థిరపడలేదు.

ఫ్రెంచిలో 'కొమేర్' అంటే మొదట్లో జ్ఞానతల్లి, 'కొమెరాజ్' అంటే ఇరుగుపొరుగు చెప్పుకునే ఊసులు. స్పానిష్ 'కొమాద్రె'దీ అదే దారి. గో, సిప్ అనే మాటలే లేని భాషల్లో ఇదెలా జరిగినట్టు?

న్యూస్ అంటే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలన్నదీ ఇలాంటిదే. అది 'న్యూ'కు బహువచనం, కొత్త సంగతులని. అచ్చుకిచ్చే ముందు మంచి నిఘంటువులో ఆ పదం చివర ఇచ్చే వ్యుత్పత్తి చూడాలి. పాత స్పెల్లింగు, మొదట కనిపించిన కాలం, ఈ రెండూ చాలు. పాత మాటను రెండు ముక్కలుగా విరిచో, పొడి అక్షరాలుగా విడదీసో కథ చెబితే ముందు అనుమానించాలి.

సవరణ వేస్తే అంతే సైజు బాక్సులో వేయండి. పిల్లలు కత్తిరించి నోట్సులో అతికించుకునే పేజీ అది.

— ఒక పాఠకుడు, తెనాలి