కాలనీ సంఘం వార్షిక నివేదిక: ఆదివారం డాక్యుమెంటరీలు

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు, బోరు మోటారు రిపేరు వివరాలు నోటీసు బోర్డులో పెట్టాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు మన హాల్లో ఆదివారం సాయంత్రాలు చూసిన డాక్యుమెంటరీలకే ఇస్తున్నాను. ఈ ఏడాది మనం చేసిన పనులన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే.

మొదట్లో పెద్దవాళ్లు రాలేదు. "ఇంగ్లీషు మాటలు మాకేం తెలుస్తాయమ్మా" అన్నారు. అందుకని కర్ణాటక అడవుల మీద తీసిన 'వైల్డ్ కర్ణాటక' తెలుగులో వేశాం. ప్రకాశ్‌రాజ్ గొంతు వినేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఇంగ్లీషువి వేసినప్పుడు మధ్యమధ్య ఆపి, కాలేజీ పిల్లలు తెలుగులో చెప్పేవారు. అలా ఆపినప్పుడే అసలు కబుర్లు మొదలయ్యేవి.

అందరూ తప్పక చూడాల్సింది 'బ్లూ ప్లానెట్ 2'. సముద్రాల మీద 2017లో బీబీసీ తీసిన ఏడు భాగాల సిరీస్, వ్యాఖ్యానం డేవిడ్ అటెన్‌బరో. టైం లేనివాళ్లు చివరి భాగమైనా చూడండి. ఆల్బట్రాస్ పక్షి పిల్ల ఒకటి కడుపులో ప్లాస్టిక్ పుల్ల గుచ్చుకుని చచ్చిపోయి ఉంటుంది. ఆ పుల్ల మనం పళ్లు కుట్టుకునేది! అదే భాగంలో ట్రినిడాడ్ దీవి వస్తుంది. ఒకప్పుడు తాబేళ్లను కోసుకు తిన్న ఊరివాళ్లే ఇప్పుడు వాటికి కాపలా కాస్తున్నారు. అది చూసి జాలరిపేట నుంచి వచ్చిన తాతగారు లేచి, వలలో తాబేలు పడితే వాళ్ల నాన్న కూర్మనాథుడని దండం పెట్టి వదిలేసేవారని చెప్పారు. మన తీరానికి కూడా ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయని చాలామంది పిల్లలకు ఆ రోజే తెలిసింది. మరుసటి ఆదివారం షో మానేసి, ప్లాస్టిక్ చెత్త ఏరడానికి గోనె సంచులు పట్టుకుని బీచ్‌కి వెళ్లాం. ఒక్క గంటలో సంచులన్నీ నిండిపోయాయి.

చరిత్ర ఇష్టమున్నవారికి 'భారత్ ఏక్ ఖోజ్' చెబుతాను. నెహ్రూ పుస్తకం ఆధారంగా శ్యామ్ బెనెగల్ దూరదర్శన్‌కు తీసిన 53 భాగాలు, 1988లో మొదలైంది. నాటకం పాలు ఎక్కువే, అచ్చమైన డాక్యుమెంటరీ అనలేం. అయినా అందులో కళింగ యుద్ధం చూశాక పాత బౌద్ధారామాలున్న బావికొండ, తొట్లకొండ ఎక్కి చూడండి, ఆ ఇటుకలు వేరేగా కనిపిస్తాయి. సైన్సు ఇష్టమున్నవారికి, ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ విశ్వం గురించి చెప్పిన 'కాస్మోస్' ఉంది. 1980 నాటిది, 13 భాగాలు. ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో వారానికొకటి చాలు.

అద్దె ప్రొజెక్టర్ రెండుసార్లు మధ్యలో ఆగిపోయి అందరినీ ఇబ్బంది పెట్టింది. సొంతంగా ఒకటి కొనాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది, దయచేసి ఆమోదించండి.

వచ్చే ఆదివారం ఆరు గంటలకు 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'. ముదుమలైలో తల్లిలేని ఏనుగు పిల్లల్ని సాకిన బొమ్మన్, బెల్లిల కథ, 2023లో ఆస్కార్ వచ్చింది. నలభై నిమిషాలే. మాటలు ఎక్కువగా తమిళం కాబట్టి, తమిళం తెలిసినవారు ఒకరు ముందు వరుసలో కూర్చుని తెలుగులో చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి