‘డెఫ్ట్‌లీ’ అంటే వేగంగా కాదు

సంపాదకులకు నమస్కారం.

ఈ నెల మొదటి ఆదివారం మీ పిల్లల పేజీలో ‘డెఫ్ట్‌లీ’ అనే ఇంగ్లీష్ మాటకు ‘వేగంగా’ అని అర్థం వేశారు. సవరణ వస్తుందని పది రోజులు చూశాను, రాలేదు. ఈలోగా ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు స్లిప్ టెస్టులో అదే మాటకు ‘ఒడుపుగా’ అని రాస్తే, ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన ‘వేగంగా’ అని రాసి పంపారు. గైడులోనూ అలాగే ఉందట. 30 ఏళ్లు ఇంగ్లీష్ చెప్పి రిటైరైన నాకు ఆ పేపరు చూశాక రాత్రి నిద్ర పట్టలేదు.

తిరుమల కల్యాణకట్టకు వెళ్లి చూడండి. చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తూ తల విదిలిస్తుంటే, క్షురకుడు ఎడమచేత్తో తల పట్టుకుని ఒక్క గాటు పడకుండా పుట్టువెంట్రుకలు తీస్తాడు. డెఫ్ట్‌లీ అంటే అదీ! అదే పని హడావిడిగా చేస్తే నెత్తురు వస్తుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద, కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో ఒత్తుతూ, రంగు ఎంత కావాలో అంతే దించుతూ గీత గీస్తారు. ఎంతో నిదానంగా సాగే పని. అదీ డెఫ్ట్‌లీనే. ఇందులో వేగం ఎక్కడుంది? ఉన్నదల్లా చేతి ఒడుపు, లాఘవం. ఇంత చక్కటి తెలుగు మాటలు పెట్టుకుని ‘వేగంగా’ అని ఎందుకు వేశారు?

‘డెఫ్ట్’, తెలివితక్కువ అనే అర్థంలో వాడే ‘డాఫ్ట్’, రెండూ ఒకే పాత ఇంగ్లీష్ మాట నుంచి పుట్టాయి. దానికి అర్థం సౌమ్యం. ఒకటి నేర్పు వైపు, ఇంకోటి తెలివితక్కువతనం వైపు వెళ్లాయి. నేర్పుగా అనే అర్థమున్న ఇంకో మాట ‘డెక్స్‌టరస్‌లీ’లో ఉన్నది లాటిన్ కుడిచెయ్యి. మన ‘కుశలుడు’ కూడా చేతికి సంబంధించిన మాటే. కుశ అంటే దర్భ, చెయ్యి కోసుకోకుండా దాన్ని కోయగలిగినవాడు కుశలుడని మన పండితులు వ్యుత్పత్తి చెబుతారు. ఇలా చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు. సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో పిల్లలకు ఈ పోలిక చెప్పేవాళ్లే కరువయ్యారా?

ఇప్పుడు ఎక్కడ చూసినా 30 రోజుల్లో ఇంగ్లీష్ అని హోర్డింగులే. ‘షి ఈజ్ డెఫ్ట్‌లీ’ అని రాసిన పిల్లకు, చివర ‘లీ’ చేరితే ఆ మాట పని ఎలా జరిగిందో చెబుతుందని, మనిషిని వర్ణించాలంటే ‘డెఫ్ట్’ చాలని ఎవరూ చెప్పరు. ‘క్రాఫ్టిలీ’ అన్నా నేర్పుగానే అని బట్టీ పట్టిస్తున్నారు. అది జిత్తులమారితనం! డిక్షనరీ చూసుకుందామంటే బడి లైబ్రరీ బీరువాకు తాళం. మా వీధి మలుపులో పెట్టిన హెచ్చరిక బోర్డులో ఇంగ్లీషూ తప్పే, తెలుగూ తప్పే. రెండుసార్లు అర్జీ ఇచ్చాను. తీసుకున్న అధికారి బోర్డు వైపు కన్నెత్తి చూడలేదు. ఆ తప్పులు చదువుకుంటూనే మా వీధి పిల్లలు రోజూ బడికి పోతున్నారు.

దయచేసి సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. కత్తిరించి బడికి తీసుకెళ్తాను. పోయింది అర మార్కే. కానీ పిల్ల రాసింది తప్పు కాదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి