సుల్తాన్ బజార్‌కు ఒక బోర్డు కావాలి

అయ్యా,

కోఠి వెళ్లి మ్యాచింగ్ బ్లౌజు ముక్క కోసం నాలుగు దుకాణాలు తిరగని ఇల్లాలు హైదరాబాద్‌లో అరుదు. ఆ సుల్తాన్ బజార్‌కు 1933 దాకా ఉన్న పేరు రెసిడెన్సీ బజార్ అని మాత్రం అక్కడి వ్యాపారుల్లోనే చాలామందికి తెలియదు.

నిజాం రాజ్యం మధ్యలో ఉన్నా ఈ వీధుల్లో అధికారం బ్రిటిష్ రెసిడెంటుది, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ వారి ప్రతినిధిది. 1933లో ఈ ప్రాంతాన్ని నిజాంకు తిరిగి అప్పగించాకే పేరు మారింది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో ఆ రెసిడెంటు ఉండే రెసిడెన్సీ భవనంపై దాడి జరిగింది కూడా ఇక్కడే. నిజాం ఆంక్షలు అంతగా సాగని చోటు కాబట్టే కాబోలు, 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఈ పరిసరాల్లోనే పుట్టింది. తెలుగు గ్రంథాలయోద్యమానికి అదెంత బలమిచ్చిందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మెట్రో స్టేషనుకూ సుల్తాన్ బజార్ పేరే పెట్టారు, సంతోషం. కానీ స్టేషన్ దిగి గాజుల బండ్లు, లేసుల దుకాణాలు తప్పించుకుంటూ నడిచేవారికి ఈ కథ చెప్పే బోర్డు కనబడాలి కదా! పాత పేరు తిరిగి పెట్టమని నేననడం లేదు, పరాయి పాలన గుర్తును మోయాల్సిన పని లేదు. పాత పేరు, కొత్త పేరు, మారిన ఏడాది తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషుల్లో రాసి వీధి రెండు చివర్లా పెడితే చాలు. అదీ ఫ్లెక్సీ మీద కాదు, రాతి పలక మీద. జీహెచ్‌ఎంసీ, వారసత్వ శాఖ అధికారులు దీన్ని పరిశీలించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హైదరాబాద్