ఆ నర్సు గారికి మా కృతజ్ఞతలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు వచ్చిన మా అక్క భయంతో, బిడియంతో గుమ్మం దగ్గరే వెనుదిరిగినప్పుడు, మందలించకుండా ఆమె పక్కన వచ్చి కూర్చున్న నర్సు గారికి మా కుటుంబమంతా రుణపడి ఉంది. నమూనా తీసే మెత్తని బ్రష్‌ను ఆవిడ అక్క చేతికే ఇచ్చి తాకి చూడమన్నారు. ఈ క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ ఏళ్ల తరబడి శరీరంలో నిలిచిపోవడమే కారణమని, మారిన కణాలు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుందని, ఏ బాధా తెలియని ఆ దశలోనే కనిపెడితే చిన్న చికిత్సతో ఆపవచ్చని నిదానంగా వివరించారు. పరీక్షలోనూ చేయబోయే ప్రతి పనినీ ముందుగా చెప్పి, అక్క సరేనన్న తరువాతే చేశారు. ఆ మర్యాదే లేకపోతే అక్క మళ్లీ ఆ గుమ్మం తొక్కేది కాదని నా నమ్మకం. తొలి దశ మార్పులు బయటపడ్డాయి, చికిత్స పూర్తయింది, అక్క క్షేమంగా ఉంది.

ముప్పై అయిదేళ్లలోపు ఒకసారి, నలభై అయిదేళ్లలోపు మరోసారి కనీసం 70 శాతం మహిళలకు ఈ పరీక్ష అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి కోరుతోంది. అమ్మా, మీరు చెప్పినట్టే 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించవలసిన హెచ్‌పీవీ టీకాను అక్క కూతురికి వేయించాం. మీకు మా అందరి నమస్కారాలు.