బావ తూటాల మిషనూ, ఆచారిగారి కాటా

ఒరేయ్ బొండాం,

నీ ఉత్తరానికి జవాబు రాయకుండానే దీపావళీ వెళ్ళిపోయింది, సంక్రాంతీ వెళ్ళిపోయింది. తిట్టు, పడతాను. అమ్మ కులాసా. దాళ్వా నాట్లు అయిపోయాయి. చిన్నదానికి పరీక్షలు. వార్తలింతే. అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను.

మా టెక్సాస్ బావ పండక్కొచ్చాడు. అదేరా, పానకం బిందె బావ! ఆయనకిప్పుడు కొత్త పిచ్చి పట్టింది. రేంజికెళ్ళి తుపాకీ కాల్చడం, కాల్చిన ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి గ్యారేజీలో మళ్ళీ తూటాలు చేసుకోవడం. సొంత వాడకానికైతే అక్కడ లైసెన్సు అక్కర్లేదట. మన దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద లోపలేస్తారు. ముందే చెబుతున్నా, సిసింద్రీలు కూరిన నీ చేతులు నాకు తెలుసు.

భోగి నాడు అరుగు మీద కూర్చుని ఫోన్లో మిషను చూపించాడు. డిల్లన్ కంపెనీ వాళ్ళ ప్రోగ్రెసివ్ ప్రెస్. లివర్ ఒక్కసారి కిందికి లాగితే ఒకచోట పాత ప్రైమర్, అదే మందుకి నిప్పంటించే చిన్న బిళ్ళ, ఊడుతుంది, ఒకచోట మందు పడుతుంది, ఇంకోచోట గుండు కూర్చుంటుంది. మేమంతా నోళ్ళు తెరిచాం. సుబేదారు బాబాయ్ మాత్రం తెరవలేదు. సైన్యంలో తుపాకులు బాగుచేసిన మనిషి కదా, చుట్ట ఆర్పి అడిగాడు: "అల్లుడుగారూ, కాటా ఏదండీ?"

బావ ఫొటోలు జరిపీ జరిపీ బల్ల చివర అగ్గిపెట్టెంత డిజిటల్ కాటా చూపించాడు.

"ఇదెంతండీ?"

"ఇరవై డాలర్లు మావయ్యగారూ."

"మరి మిషనో?"

బావ అక్క వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. అక్క వినేసింది. ఆ భాగం ఉత్తరంలో రాసేది కాదు, కలిసినప్పుడు చెబుతా.

ఇక బాబాయ్ మొదలెట్టాడు చూడూ! మందు తూచేది గ్రెయిన్లలో. పౌండుకి 7000 గ్రెయిన్లు. అంటే గురివింద గింజ ఎత్తు రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ. పిస్టల్ తూటాలో పడేది చాలావాటికి నాలుగైదు గ్రెయిన్లే. అందులో కాటా అర గ్రెయిన్ అబద్ధమాడిందంటే? పొరపాటున మందు రెండుసార్లు పడితే తుపాకీ చేతిలోనే పేలొచ్చు. అసలు పడకపోతే ఇంకో చావు, గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, అది చూసుకోకుండా రెండోది కాల్చావా, అయిపోయావే.

బావ ఒప్పుకుంటేనా! డిజిటల్ అంటే డిజిటలే అన్నాడు. దాంతో బాబాయ్ కనుమ వెళ్ళగానే అమలాపురంలో మనకి తెలిసిన ఆచారిగారి బంగారం కొట్టుకి లాక్కుపోయాడు. నేనూ బండెక్కాను, మానతానా. ఆచారిగారి కాటా మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది, చుట్టూ అద్దాల పెట్టె. అద్దం తీసి, ఫాను వేయించి, చిన్న తూకపు రాయి పెట్టించాడు బాబాయ్. ఎర్రంకెలు నిలవవే! చివరి అంకె రెండు, ఏడు, మూడు, మళ్ళీ ఏడు. ఫాను ఆపి అద్దం మూస్తే కదల్లేదు. "పొద్దున్నే రాయి పెట్టి చూడందే బేరం మొదలెట్టనండి, ఆయ్," అన్నాడు ఆచారిగారు, మా గొడవేంటో తెలీకుండానే. బావ మొహం చూడాల్సిందిరా, పానకం రోజున కూడా అలా లేదు.

తిరిగొస్తూ బండి మీదే బావ కొనాల్సినవాటి చీటీ మార్చాడు: త్రాసులాంటి బీమ్ స్కేలు, సరిచూసుకోడానికి తూకపు రాళ్ళు, తొడుగు పొడవు కొలిచే కాలిపర్, కాల్చిన తొడుగుని మళ్ళీ సరైన కొలతకి నొక్కే అచ్చులు, అదే కార్బైడ్ డైలు. ఈ డైలుంటే తిన్నగా ఉండే పిస్టల్ తొడుగులకి నూనె రాయక్కర్లేదట. మెడ సన్నగా ఉండే రైఫిల్ తొడుగులకి మాత్రం తప్పదు.

బాబాయ్ అక్కడితో ఆగాడా? మిషనే అమ్మెయ్యమంటాడు, ఒక్కో లాగుడికి ఒక్క పనే చేసే పోత ఇనుము ప్రెస్, ఆర్సీబీఎస్ రాక్ చకర్ లాంటిది, కొనుక్కోమంటాడు. ఇది నాకు నచ్చలేదు. నేర్చుకునేవాడికి అదే మంచిదనుకో, ఒక్కో తొడుగూ చేతిలోంచే పోతుంది గనక తప్పు కంటపడుతుంది. కానీ వారం వారం వందల్లో కాల్చే మనిషి ఎప్పటికి చేస్తాడు చెప్పు? పైగా డిల్లన్ వాళ్ళది జీవితకాలం గ్యారంటీ. మందు రెండుసార్లు పడితే పొంగి కనిపించేంత ఎక్కువ చోటు పట్టే మందు ఎంచుకుని, ప్రతి తొడుగులోకీ దీపమేసి చూసుకుంటే చాలదూ? ఈ మాటంటే బాబాయ్ రెండ్రోజులు నాతో...

ఒరేయ్, తమ్ముడు హారన్ కొట్టేస్తున్నాడు, ఈ కవరు వాడే పట్టుకెళ్ళాలి. పూతరేకులు విడిగా కట్టించాను, ఒక పెట్టె మీ ఆవిడది, నువ్వు ముట్టుకో