ఆ ఖరీదైన అంటు చాకు గురించి: కొన్నవాళ్ళకీ, కొనాలా వద్దా అని అడుగుతున్నవాళ్ళకీ

అందరికీ నమస్కారమండి.

కడియపులంకలో మా కొట్టుకి వచ్చేవాళ్ళకి తెలుసు, ఈ జూన్‌లో అంట్లు కట్టే విదేశీ మడత చాకులు ఇరవై నాలుగు తెప్పించాను. ఒక్కోటి 2,900 రూపాయలు. అప్పటిదాకా మా దగ్గర అంటు చాకు అంటే 180 రూపాయల నాటు చాకే. కొత్త సరుకు వచ్చిన ఉత్సాహంలో అడిగిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పాను, "ఇది కొంటే ఏడాది దాకా సాన పట్టే పని లేదు" అని. ఆ మాట తప్పు. పదిహేను అమ్ముడైతే ఆగస్టులో మూడు తిరిగొచ్చాయి. చాకుల్లో లోపం లేదు. నేను తెలుసుకోకుండా చెప్పిన మాటల్లోనే ఉంది.

తిరిగి తెచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా మామిడి అంట్లు కడుతున్న చెయ్యి. గట్టిగా ఒక్క మాట అనలేదు. చాకు కౌంటరు మీద పెట్టి, "బాబూ, దీనికి నావి ఐదు రోజుల కూలి డబ్బులు పెట్టాను" అన్నారంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బులు మర్నాడే ముగ్గురికీ తిరిగి ఇచ్చేశాను. కానీ మిగతా పన్నెండు మంది సంగతేంటి? ఇకముందు అడిగేవాళ్ళకి ఏం చెప్పాలి? అందుకే రెండు నెలలపాటు తెలిసినవాళ్ళ నర్సరీల్లో అంట్లు కట్టేవాళ్ళ పక్కన కూర్చుని చూశాను, నేనూ కట్టాను. ఇప్పుడు రాస్తున్నది అలా చూసినదే.

ముందు అంటు సంగతి చెప్పాలి, లేకపోతే చాకు సంగతి అర్థం కాదు. మామిడిలో టెంక మొక్క తల కోసి, మధ్యకి చీల్చి, పైన పెట్టే పుల్లని రెండు వైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దింపుతాం. రెండింటి బెరడు కిందా ఉండే పచ్చటి పలచని పొర ఒకదానికొకటి ఆనితేనే అంటు అతుక్కుంటుంది. ఆ చెక్కుడు ఒక్క లాగుతో చదునుగా రావాలి. మధ్యలో ఆగి మళ్ళీ కోస్తే అక్కడ మెట్టు పడుతుంది. మెట్టు దగ్గర సందు మిగులుతుంది. ఆ సందులో తడి చేరితే పుల్ల నల్లబడిపోతుంది. అందుకే అంటు చాకుకి ఒక పక్కే ఏటవాలు ఉంటుంది, రెండో పక్క పూర్తిగా చదును. వంటింటి కత్తికి రెండు పక్కలా ఏటవాలు ఉంటుంది కాబట్టి పుల్లలోకి దిగుతూ పక్కకి లాగేస్తుంది.

ఈ ఒక పక్క ఏటవాలు సంగతి తెలిసి కూడా దాన్ని ఎవరికి అమ్ముతున్నానో నేను చూసుకోలేదు. తిరిగొచ్చిన మూడింట్లో ఒకటి, గులాబీ కళ్ళు, అంటే కొమ్మ మీది మొగ్గలు, అంటించే ఒక చెల్లెమ్మ కొన్నది. "అన్నా, ఇది కర్రలోకి దిగబడిపోతోంది, నా చేతకానితనమేమో" అంది. పక్కన కూర్చుని చూస్తే ఆమెది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ళకి సాన పట్టిన చాకు ఆమె చేతిలో తిరగబడుతుంది. చదునుగా ఉండాల్సిన పక్క పైకి, ఏటవాలు పుల్ల వైపుకి వస్తాయి. ఎంత పదునున్నా ఉపయోగం లేదు. ఎడమచేతి వాళ్ళకి వేరే చాకులు తయారవుతాయి. నేను అమ్మేముందు "ఏ చేత్తో కోస్తావమ్మా" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. రెండు వారాలు ఆమె తన చేతినే అనుమానించుకుంది. దానికి నేనే బాధ్యుణ్ణి.

ఇక ఆ 2,900 రూపాయల్లో ఏముంది? నాటు చాకులు ఎక్కువగా లారీ కమాను పట్టీ లాంటి పాత ఉక్కుతో కొలిమిలో చేస్తారు. ఉక్కు మంచిదే. కానీ కాల్చి నీళ్ళలోనో నూనెలోనో ముంచే వేడి కంటిచూపుతో కట్టే లెక్క. అందుకే ఒకే సంచిలోంచి తీసిన పది చాకుల్లో రెండు మూడు ఆణిముత్యాల్లా ఉంటాయి, కొన్ని మెత్తగా ఉండి గంటకే మొండిబారతాయి, ఒకటో రెండో పెళుసుగా ఉండి అంచు పెచ్చు లేస్తుంది. పెద్ద కంపెనీ చాకులో ఉక్కు గట్టిదనం కొలతకి కట్టుబడి ఉంటుంది, ఏ ముక్క తీసినా ఒకేలా కోస్తుంది. చదును పక్క నిజంగానే చదునుగా ఉంటుంది. కీలు దగ్గర ఊగదు. ఖరీదులో ఎక్కువ భాగం పోయేది ఈ భరోసాకే.

ఈ రకంలో పేరున్నవాళ్ళ గురించి అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. స్విట్జర్లాండ్‌లో ఇబాఖ్ ఊళ్ళో 1884లో మొదలైన విక్టోరినాక్స్ వాళ్ళు అంటు చాకులు స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేస్తారు. ఆ పేరు వెనక ఒక మంచి కథ ఉంది. కంపెనీ పెట్టినాయన తల్లి పేరు విక్టోరియా. 1921లో దానికి స్టెయిన్‌లెస్ ఉక్కుని సూచించే 'ఇనాక్స్' అన్న మాట కలిపారు. జర్మనీలో రాయిట్లింగెన్‌లో 1854 నుంచి ఉన్న టీనా వాళ్ళవి వాల్‌నట్ కర్ర పిడి, తుప్పు పట్టే కార్బన్ ఉక్కు. కార్బన్ ఉక్కుకి సన్నటి పదును త్వరగా వస్తుంది, కానీ మామిడి సొన తగిలితే కాసేపట్లో నల్లటి మచ్చ పడుతుంది. ప్రతి పది పుల్లలకీ గుడ్డతో తుడిచే అలవాటు లేనివాళ్ళకి అది సరిపడదు. మనకి ఇక్కడ వానాకాలంలోనే మామిడి అంట్ల పని కాబట్టి తడి ఎలాగూ తప్పదు. నా మట్టుకు స్టెయిన్‌లెస్సే మేలు.

ఒక రోజు ఉదయం పెద్దాయన నాటు చాకుని, కొత్త విదేశీ చాకుని పక్కపక్కన పెట్టి చూశాం. ఆయన సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి, ఏటవాలు పక్క ఇరవై లాగులు లాగారు. తర్వాత చాకు తిప్పి చదును పక్క రాయికి పూర్తిగా ఆనించి మెల్లగా రెండే లాగులు. చివరికి పాత తోలు బెల్టు మీద అటూ ఇటూ. పుల్ల చెక్కితే ఉల్లిపొర లాంటి చెక్క చుట్ట చుట్టుకుని రాలింది. కోసిన చోట వేలితో రాస్తే నున్నగా, కొంచెం జిగురుగా. విదేశీ చాకు కోత దాని పక్కన పెడితే నాకు తేడా కనపడలేదు. ఆయన కట్టిన అంట్లు ఆ తర్వాత అతుక్కున్న తీరులో కూడా చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

తేడా వచ్చింది మధ్యాహ్నానికి. నాటు చాకుకి ముప్పై నలభై పుల్లలకోసారి రాయి కావాల్సి వచ్చింది. రెండోదానికి భోజనాల వేళ దాకా తోలు మీద రుద్దితే చాలింది. అంటుకి ఇంత అని డబ్బులు తీసుకునేవాళ్ళకి ఆ నిమిషాలు లెక్కలోకి వస్తాయి, మణికట్టు నొప్పి కూడా తగ్గుతుంది. మామిడి అంట్లు రోజుకి రెండు మూడు వందలు కట్టేవాళ్ళు, సీజనంతా అదే పని చేసేవాళ్ళు కొనుక్కుంటే ఆ 2,900 తిరిగొస్తాయని నేను నమ్ముతున్నాను. రాయి మాత్రం తప్పదు. ఎంత మంచి ఉక్కయినా వారానికి ఒకటి రెండుసార్లు రాయి మీదకి వెళ్ళాల్సిందే.

గడ్డం బ్లేడు సంగతి కూడా దాచకుండా చెప్తాను, దాన్ని నేను అమ్మకపోయినా. మన దగ్గర చాలామంది అరబ్లేడుతోనే కడతారు. రోజుకి నాలుగు ముక్కలు వాడినా పన్నెండు రూపాయలు దాటదు, వంద రోజులకి 1,200. లేత టెంక మొక్కలకి, గులాబీ కళ్ళకి అది చక్కగా సరిపోతుంది. ముదురు పుల్లల దగ్గరే బ్లేడు వంగి కోత గుంటగా వస్తుంది. కాబట్టి లేత మొక్కల పనే మీదైతే దయచేసి 2,900 పెట్టకండి.

నర్సరీ యజమానులు మనుషులందరికీ కలిపి పది పన్నెండు కొందామని అడిగారు. వద్దని చెప్పాను. అందరిదీ అయిన చాకుని ఎవరూ తుడవరు. కీలులో సొన, మట్టి చేరి గట్టిపడితే మడత పడదు, బలవంతంగా తెరవబోతే వేలు తెగుతుంది. ఎవరి చాకు వాళ్ళదైతేనే రాత్రి ఓ చుక్క నూనె పడుతుంది. కొనిపెట్టాలనుకుంటే మనిషి పేరు మీద ఇచ్చేయండి.

మీ అబ్బాయిలు కొందరు ఇరవై ముప్పై వేల అమెరికా మడత చాకుల వీడియోలు చూపించి, అంతకంటే మంచివి ఉన్నాయిగా అంటున్నారు. ఉన్నాయి. ఎస్30వి లాంటి ఉక్కుని లోహపు పొడితో చేస్తారు, అందులో వనేడియం అనే గట్టి లోహం 4 శాతం. లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త తయారుచేసిన మాగ్నాకట్ అనే ఉక్కు 2021లో వచ్చింది, అది తుప్పునీ బాగా ఆపుతుంది. అట్టపెట్టెలు, తాళ్ళు రోజంతా కోసేవాళ్ళకి అవి గొప్పవే. కానీ వనేడియం ఎక్కువైన ఉక్కు మన మామూలు రాయికి ఓ పట్టాన లొంగదు, డైమండ్ పలక కావాలి. పైగా అవి సాధారణంగా రెండు పక్కలా సాన పట్టినవి. అంటుకి పనికొచ్చేవి కావు.

పోలీసులతో ఇబ్బంది వస్తుందా అని కూడా టెన్షన్ పడుతున్నారు. ఆయుధాల నియమాల్లో ఉన్నది 9 అంగుళాలకి మించిన పొడవు లేదా 2 అంగుళాలకి మించిన వెడల్పు ఉన్న అలుగుల (కోసే రేకుల) గురించి. వ్యవసాయ, ఇంటి పనిముట్లని అందులోంచి మినహాయించారు. మన చాకు అలుగు రెండున్నర అంగుళాలే. విమానంలో మాత్రం చేతి సంచిలో పెట్టుకోకండి.

ఇక మా కొట్లో మార్పులు. నా మాట నమ్మి కొన్న పన్నెండు మందిలో ఎవరికి అసంతృప్తి ఉన్నా, వాడిన చాకైనా సరే, నెలాఖరులోగా తెస్తే పూర్తి డబ్బులు ఇస్తాను. మిగిలిన చాకుల్లో ఒకటి చూపుడు చాకుగా పెట్టాను. రెండు రోజులు తీసుకెళ్ళి పని చేసి చూశాకే కొనండి. సానరాయి లేని ఇంటికి ఈ చాకు అమ్మను. రాయి 450, అంటే అసలు ఖర్చు 3,350 అని మొదటే లెక్క వేసుకోండి. చాకు మీద నాకు మిగిలేది 400, రాయి మీద లాభం వేసుకోవట్లేదు. ఎడమచేతి చాకులు ఆర్డరు మీద తెప్పిస్తాను. ఆ చెల్లెమ్మకి మొదటిది వస్తోంది. నాటు చాకులు ఇకమీదట సంచి ఎత్తున తీసుకోను. ఒక్కోటి పుల్ల కోసి చూసి, బాగున్నవే తెస్తాను. దానివల్ల ధర 180 నుంచి 220 అవుతుంది.

పెద్దాయన విదేశీ చాకు మళ్ళీ తీసుకోలేదు. తన నాటు చాకే చాలన్నారు, అది ఆయనకి నిజంగానే చాలు. నేను అడిగితే ఒక పనికి మాత్రం ఒప్పుకున్నారు. వచ్చే గురువారం నుంచి ప్రతి గురువారం సాయంత్రం ఐదింటికి మా కొట్టు అరుగు మీద సాన పట్టడం నేర్పిస్తారు. ఎక్కడ కొన్న చాకైనా తెచ్చుకోండి, డబ్బులేమీ అక్కర్లేదు. సొన కడిగి, ఆరబెట్టి తీసుకురండి.